ఒక పంది, ఒక పొట్టేలు, 1,200 డాలర్లు: మా మొదటి వేట ప్రాజెక్టు డైరీ

అక్టోబర్, మొదటి వారం

మనిషికి 1,200 డాలర్లు. ఒక పంది, ఒక పొట్టేలు. తోడుగా గైడ్, ఒక రాత్రి బస, టెక్సస్‌లో మా ఊరు ఫ్రిస్కో నుంచి కారులో వెళ్ళొచ్చేంత దూరం. ఇవీ షరతులు. కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాం, నేనూ మా బావా. దాని కింద మా ఆవిడ తన షరతు ఒకటి చేర్చింది: "గోడకి తలకాయలు వద్దు."

ఇద్దరికీ వేట కొత్తే. బావ దగ్గర త్రీ నాట్ ఎయిట్ రైఫిల్ ఒకటి ఉంది. షూటింగ్ రేంజ్‌లో కాగితాలకి చిల్లులు పెట్టడం తప్ప దానితో ఆయన సాధించిందేమీ లేదు. నేనైతే దాన్ని ముట్టుకోలేదు. ఎందుకో కింద రాస్తాను, అది మనవాళ్ళందరికీ పనికొచ్చే సంగతి.

జింక కాకుండా పందే ఎందుకంటే, జింకకి సీజన్ ఉంటుంది, మనిషికి ఇన్ని అని లెక్కుంటుంది, ఖర్చు వేలల్లో ఉంటుంది. పందికి ఇవేవీ లేవు. స్పెయిన్ వాళ్ళు 16వ శతాబ్దంలో తెచ్చిన పెంపుడు పందులు అడవి పట్టాయి. 1930ల్లో వేట కోసం తెచ్చిన యూరప్ అడవి పందులు వాటితో కలిశాయి. ఇప్పుడు టెక్సస్‌లో 20 లక్షల పైనే ఉంటాయని అంచనా. నాలుగు నెలలు తిరక్కుండానే ఈనతాయి, ఈతకి నాలుగైదు పిల్లలు. హెలికాప్టర్ లోంచి కాల్చుకోవచ్చని 2011లో చట్టమే చేశారంటే రైతులు ఎంత విసిగిపోయారో చూడండి.

అమ్మకి ఫోన్లో చెబితే, "అక్కడా ఉన్నాయా ఆ ముదనష్టపువి?" అంది. మాది గిద్దలూరు దగ్గర, నల్లమల అంచు. వేరుశనగ కాయ పట్టే రోజుల్లో నాన్న రాత్రిళ్ళు చేలోనే పడుకునేవాడు. తెల్లారి చూస్తే ఓ మూల నాగలి పెట్టినట్టు దున్నేసి ఉండేది. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం ఉంది కాబట్టి రైతు తనంతట తాను ఏమీ చేయడానికి లేదు. ఇక్కడ చంపితే పుణ్యం కట్టుకున్నట్టు మాట్లాడతారు, ఆ పుణ్యానికి మళ్ళీ 300 డాలర్లు అడుగుతారు! బావకి ఇది అస్సలు మింగుడు పడలేదు. "వాళ్ళ చేను పాడు చేస్తున్న పందిని మనం కాలిస్తే మనకే ఇవ్వాలి కదా డబ్బులు?" అన్నాడు. రైతు డబ్బు తీసుకునేది పందికి కాదు. భూమిలోకి రానిచ్చినందుకు, ఏడాది పొడుగునా ఫీడర్లలో (టైముకి తిరిగి మేత చల్లే డబ్బాల్లో) పోసిన మొక్కజొన్నకి, పక్కన నిలబడే మనిషికి. టెక్సస్‌లో 90 శాతం పైగా భూమి ప్రైవేటుదే. గేటు తీసేవాడు లేనిదే వేట లేదు.

చవక దారి ఇంకొకటి ఉంది. పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ (ఇక్కడి వన్యప్రాణి శాఖ) వాళ్ళు 48 డాలర్లకి పబ్లిక్ హంటింగ్ పర్మిట్ ఇస్తారు. దానితో ప్రభుత్వ వేట భూముల్లోకి వెళ్ళి పందుల్ని కాల్చుకోవచ్చు. బావ ఈ కాగితం పట్టుకుని రెండు రోజులు ఊగాడు. ఇద్దరు కొత్తవాళ్ళం, పక్కన చెప్పేవాడు లేకుండా, ఇంకెవరు ఎక్కడ తుపాకీతో ఉన్నారో తెలియని అడవిలోకి మొదటిసారే దిగడమంటే నేను ఒప్పుకోలేదు. పైగా అక్కడ పొట్టేలు దొరకదు.

అక్టోబర్ చివర: లైసెన్స్

వేరే దేశం నుంచి వచ్చి ఇక్కడ వీసా మీద ఉంటున్నవాళ్ళు ఈ భాగం మాత్రం వదిలేయకండి.

నేను హెచ్‌1బి మీద ఉన్నాను. బావకి గ్రీన్ కార్డు. ఫెడరల్ చట్టం ప్రకారం గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు తుపాకీ పట్టుకోవడానికి వీసా అడ్డేమీ లేదు. నాలాంటి నాన్ఇమిగ్రెంట్ వీసా వాడు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు. సొంతదైనా, అద్దెదైనా, బావదైనా ఒకటే. దీనికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. మాలాంటివాళ్ళకి పనికొచ్చేది, అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు దాటని వేట లైసెన్స్ చేతిలో ఉండటం.

తిరకాసు ఎక్కడంటే, టెక్సస్‌లో 2019 సెప్టెంబర్ 1 నుంచి ప్రైవేటు భూమిలో, యజమాని అనుమతితో పందుల్ని వేటాడటానికి లైసెన్సే అక్కర్లేదు. ఏ రాంచ్‌కి (డబ్బు తీసుకుని వేటకి రానిచ్చే పెద్ద ప్రైవేటు భూమి) ఫోన్ చేసినా "పందికి లైసెన్స్ ఎందుకు, ఊరికే వచ్చేయండి" అంటారు. వాళ్ళు చెప్పింది టెక్సస్ వేట చట్టం వరకు నిజమే. హెచ్‌1బి వాడికి మాత్రం రైఫిల్ పట్టుకోవడానికే ఆ లైసెన్స్ కావాలి. ఆ ఒక్క మాట నమ్మి వెళ్తే వీసాకే ఎసరు. మా ఇమిగ్రేషన్ లాయర్‌ని అడిగి రూఢి చేసుకున్నాను. మీరు మీ లాయర్‌ని అడగండి, నా డైరీ చదివి తుపాకీ పట్టుకోకండి.

పొట్టేలుకి ఎలాగూ లైసెన్స్ ఉండాలి. ఈ పొట్టేళ్ళు ఇక్కడి చట్టంలో 'ఎగ్జాటిక్', అంటే బయటి నుంచి తెచ్చిన జంతువుల కిందికి వస్తాయి. వాటికి సీజన్ లేదు, ఇన్నే అనే పరిమితీ లేదు, కానీ లైసెన్స్ తప్పదు. టెక్సస్‌లో ఆరు నెలలకి మించి వరుసగా ఉంటున్నవాళ్ళకి రెసిడెంట్ ధర, 25 డాలర్లు. వేరే రాష్ట్రం నుంచి వచ్చే స్నేహితులకి అయిదు రోజుల లైసెన్స్ 48 డాలర్లు. ఎప్పుడు కొన్నా అది ఆగస్టు 31తో సరి. సెప్టెంబర్‌లో పాత కాగితం జేబులో పెట్టుకుని రేంజ్‌కి వెళ్తే నాలాంటివాడికి అది లేనట్టే లెక్క.

1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. పది డాలర్లు కట్టి ఒక్కసారికి వాయిదా వేసుకోవచ్చు, అనుభవం ఉన్నవాడు పక్కనే ఉండాలన్న షరతు మీద. బావ వాయిదా వేసుకుందామన్నాడు. నేను కూర్చోబెట్టి ఆన్‌లైన్ కోర్సు చేయించాను. నిజానికి అందులో సగం కామన్ సెన్స్. మిగతా సగం మాత్రం మనకి ఎవరూ చెప్పి ఉండరు. కంచె దాటే ముందు తూటాలు తీసేయాలి, గుట్ట అంచు మీద నిలబడ్డ జంతువు వెనక ఆకాశం తప్ప ఏమీ లేకపోతే కాల్చకూడదు లాంటివి.

నవంబర్: ఫోన్లు

నవంబర్ మొదటి శనివారం జింకల సీజన్ తెరుచుకుంటుంది. ఆ తర్వాత రాంచ్ వాళ్ళు పొద్దునా సాయంత్రం ఫోన్ ఎత్తరు, వేటగాళ్ళని బ్లైండ్లలో (కనబడకుండా కూర్చుని కాల్చే గూళ్ళలో) దింపి ఉంటారు. మధ్యాహ్నం పన్నెండూ రెండింటి మధ్య చేస్తే తీరిగ్గా మాట్లాడతారు.

లానో, మేసన్, జంక్షన్, రాక్‌స్ప్రింగ్స్. హిల్ కంట్రీ అనే మధ్య టెక్సస్ గుట్టల ప్రాంతపు ఊళ్ళన్నీ గాలించాం. ధరల పట్టికల్లో పొట్టేళ్ళ పేర్లు చూసి మొదట తల తిరిగింది. తెల్లగా ఉండేది టెక్సస్ డాల్. అలాస్కాలో ఉండే డాల్ గొర్రెతో దీనికి పేరులో, రంగులో తప్ప పోలిక లేదు. నల్లది బ్లాక్ హవాయియన్. గోధుమ రంగు మీద నల్ల పొట్టతో ఉండేది కోర్సికన్. మచ్చలది పెయింటెడ్ డెసర్ట్. ఇవన్నీ మూఫ్లాన్ అనే అడవి గొర్రెనీ, బార్బడోస్ బ్లాక్‌బెల్లీ లాంటి పెంపుడు గొర్రెల్నీ కలిపి చేసిన సంకరాలు. ఉన్ని ఉండదు, మన నెల్లూరు గొర్రెలకి ఉన్నట్టే వెంట్రుక. ధర కొమ్మును బట్టి. వంపు వెంట టేపు పెట్టి కొలుస్తారు. 30 అంగుళాలు దాటిందంటే మీటరు పరిగెడుతుంది.

ఆ పట్టికల్లోనే ఇంకో వింత. చుక్కల జింక, కృష్ణజింక, మనుబోతు. మూడూ మన దేశం జంతువులే. మొదటి రెండూ 1930ల దశకంలోనే ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాయి. తెలంగాణ రాష్ట్ర జంతువూ ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువూ పక్కపక్కనే, ఎదురుగా డాలర్లు. మన ఊళ్ళో వాటి వెంట్రుక ముట్టుకున్నా జైలే. బావ ఆ రెండింటి ధర చూసి, "వీటి జోలికి వద్దులే, చట్టం సంగతి తర్వాత, జేబు ఒప్పుకోదు" అన్నాడు.

అడగాల్సిన ప్రశ్నలు కాగితం మీద పెట్టుకున్నాం. ప్రతి ఫోన్‌లో అన్నీ అడిగాను. వాటిలో డబ్బు మీద నేరుగా పడేవి ఇవి.

రక్తం కనబడితే డబ్బు కట్టినట్టే, దాదాపు అందరిదీ ఇదే పద్ధతి. గాయపడ్డ జంతువు దొరక్కపోయినా దాని ధర పూర్తిగా మనదే. ఇది న్యాయమే అనిపించింది నాకు. కాల్చడం రాని వాడి ఖర్చు రాంచ్ ఎందుకు భరించాలి?

రెండో పంది ధర ఎంత? పందులు ఒంటరిగా రావు, గుంపుగా వస్తాయి. ప్యాకేజీలో ఒకటే ఉంటుంది. ఆవేశంలో ఇంకోటి కాల్చామంటే కొన్నిచోట్ల 150, కొన్నిచోట్ల 300. దీనికి తోడు, ఫీడర్ కింద అవి ఒకదాన్నొకటి రాసుకుంటూ నిలబడతాయి. త్రీ నాట్ ఎయిట్ తూటా ముందున్న దాన్ని దాటి వెనకున్న దాన్ని కూడా తగలగలదు. ఒక తూటాకి రెండు బిల్లులు. ఒక ముసలి గైడ్ నవ్వుతూ చెప్పాడు, తన దగ్గరికి వచ్చే కొత్తవాళ్ళ జేబుకి అన్నిటికన్నా పెద్ద చిల్లు పెట్టేది ఇదేనట. పంది విడిగా నిలబడేదాకా ఆగాలి, వెనక ఏముందో చూడాలి.

తోలు ఒలిచి ముక్కలు చేసేది ఎవరు, ఎంతకి? అద్దె రైఫిల్ ఎంత? పంది కనబడకపోతే? పొట్టేలు ఉన్న కంచె ఎన్ని ఎకరాలు? ఆ రోజు ఇంకెవరైనా వేటగాళ్ళు ఉంటారా?

కంచె గురించి నా అభిప్రాయం చెప్పేస్తాను. పొట్టేలు వేట దాదాపు ఎక్కడైనా ఎత్తు కంచె లోపలే. ఎనిమిది అడుగుల వల, లోపల కొన్ని వందల ఎకరాలు. దాన్ని అడవి వేటతో సమానం చేసి గొప్పలు పోవడం నాకు నచ్చదు. అలాగని వంద గజాల్లో మేత దగ్గర కట్టేసినట్టు నిలబడ్డ జంతువుని కాల్పించే చోట్లు కూడా ఉన్నాయి, అలాంటివి రెండు తగిలాయి. "గ్యారంటీ, గంటలో అయిపోతుంది" అన్న మాట వినగానే ఫోన్ పెట్టేశాం. 300 ఎకరాల రాళ్ళూ జునిపర్ పొదలూ ఉన్న గుట్టల్లో పొట్టేలుకి కళ్ళు భలే చురుకు. అది మనల్ని ముందే చూస్తుంది, నడిచి దగ్గరికి వెళ్ళడం అంత తేలిక కాదు. పందికైతే కంచె ఒక లెక్కే కాదు, కింద తవ్వి దూరిపోతుంది.

డిసెంబర్: కరపత్రం ధర, అసలు ధర

మొదట నచ్చిన రాంచ్‌లో పందికీ పొట్టేలుకీ కలిపి కాంబో ధర 950. చూడగానే బావ కార్డు తీశాడు. ఆగమని లెక్క వేశాను.

950కి తోడు తోలు ఒలవడానికి జంతువుకి 75 చొప్పున 150. రైఫిల్ అద్దె 75. గైడ్‌కి టిప్, ఇక్కడ పది నుంచి ఇరవై శాతం మామూలు, మధ్యలో పట్టుకుంటే 140. పెట్రోలు సగం 28, తిండి 40, లైసెన్స్ 25. కూడితే 1,408. మాంసం కోసి ప్యాక్ చేసే షాపు ఖర్చు ఇందులో లేనే లేదు. ఒక్క కొత్త తూటా కూడా కొనలేదు.

రెండో రాంచ్ లానో దగ్గర. యజమానే గైడ్. మామూలు ధర 900. ఫిబ్రవరిలో, వారం మధ్యలో వస్తే 800 అన్నాడు. జనవరి మొదట్లో జింకల సీజన్ ముగిశాక చాలా రాంచ్‌ల బసలు ఖాళీగా ఉంటాయి, బేరానికి అదే అదను. తోలు ఒలిచి నాలుగు ముక్కలు చేయడం ధరలోనే. పొట్టేలు మాత్రం ఆయన చూపించినదే కాల్చాలి. కొమ్ము 25 అంగుళాలకి అటూఇటూ ఉండే కుర్ర సంకర పొట్టేలు. పెద్ద కొమ్ముల దాన్ని చూపించి ఆశపెట్టడు, మనం అడగకూడదు.

బావకి ఇక్కడే మనసు పీకింది. నల్లటి హవాయియన్ పొట్టేలు ఫొటో ఆయన ఫోన్ వాల్‌పేపర్ అయిపోయింది అప్పటికే. "ఇంత దూరం వెళ్ళి, ఇంత ఖర్చు పెట్టి, బొచ్చు పొట్టేలునా?" అన్నాడు. దానికీ దీనికీ తేడా 500 డాలర్లు. తల షాపులో ఇచ్చి గోడకి తగిలించేలా చేయించడానికి ఇంకో 700. ఆ డబ్బుతో ఇంకో వేట వస్తుంది. పైగా ముదురు పొట్టేలు కూర వండితే ఆ వాసన మూడు రోజులు వంటింట్లోంచి పోదు. కుర్రదైతే మామూలు మటన్ రుచి. మా అక్క వంటింట్లోంచే ఈ వాదన తేల్చేసింది.

సగం డిపాజిట్ కట్టాం. తిరిగి ఇవ్వరు, కానీ వాన ముంచెత్తి గేటు దాకా రాలేకపోతే తేదీ మార్చుకోవచ్చు. ఈ మాట మెసేజ్‌లో రాయించుకున్నాను.

జనవరి: అట్టపంది

పక్కింటివాళ్ళు పెద్ద టీవీ కొన్నారు. ఆ అట్టపెట్టె అడిగి తెచ్చుకున్నాం.

పంది గుండె జింకకి ఉన్నచోట ఉండదు. ఇంకా ముందుకి, ఇంకా కిందికి, ముందుకాళ్ళ మధ్య ఉంటుంది. జింకని కాల్చినట్టు జబ్బ వెనక కాల్చామంటే పందికి అది పొట్టలో పడుతుంది. పొట్టలో దెబ్బ తిన్న పంది పొదల్లోకి పోయి దొరకదు, అప్పుడు బిల్లు మాత్రం మన చేతికొస్తుంది. మగపందికైతే జబ్బ మీద అంగుళానికి పైగా మందాన గట్టి తోలుపలక కూడా ఉంటుంది. ఇదంతా చదివితే అర్థమైంది కానీ చేతికి ఎక్కలేదు.

అందుకని అట్టని రెండు పందులుగా కత్తిరించాం. ఒక్కోటి నాలుగడుగుల పొడవు, రెండడుగుల ఎత్తు. మధ్య అడుగు దూరం ఉండేలా అట్టముక్కలతో అతికించి డొల్ల పంది తయారు చేశాం. లోపల, ముందుకాళ్ళ పైన మూడో వంతు ఎత్తులో, బెలూన్ ఊది టేపుతో కట్టాను. బావ దాన్ని గరాజ్‌లో అటూఇటూ తిప్పుతాడు, ఒకసారి పూర్తి పక్కకి, ఒకసారి ఏటవాలుగా. నేను దూరంగా నిలబడి, తూటా ఎక్కడ దిగాలో చూసుకుని అక్కడ స్టిక్కర్ అంటిస్తాను. తర్వాత బట్టల హ్యాంగర్ తీగ సాగదీసి, నేను నిలబడ్డ వైపు నుంచి స్టిక్కర్ గుండా గుచ్చుతాం. బెలూన్ పేలితే పాసు.

పూర్తి పక్కకి ఉన్నప్పుడు ముందుకాలు వెంట నేరుగా పైకి చూపు తీసుకెళ్తే పేలేది. తోక మనవైపు ఉండి ఏటవాలుగా నిలబడితేనే కథ. స్టిక్కర్ బాగా వెనక పక్కటెముకల దగ్గర పెట్టాలి, మనసులో మాత్రం అవతలివైపు ముందుకాలిని చూసుకోవాలి. అది మెదడుకి ఎక్కేదాకా చాలా బెలూన్లు చెక్కుచెదరకుండా మిగిలిపోయాయి. మా అమ్మాయి మాత్రం అన్నీ పేల్చేది. దానికి అవతలి కాలు గురించి ఒక్కసారి చెబితే చాలింది. తల మనవైపు తిప్పి నిలబడ్డ కోణంలో ఎవరికీ నిలకడ కుదరలేదు, అలా నిలబడితే కాల్చకూడదని ఇద్దరం ఒప్పందం రాసుకున్నాం.

తర్వాత కర్రలు. షూటింగ్ స్టిక్స్ అని మూడు కాళ్ళ స్టాండు షాపులో వంద డాలర్ల పైనే. తోట సామాన్ల దగ్గర ఆరడుగుల వెదురు కర్రలు మూడు కొని, పైనుంచి జానెడు కింద పాత సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టాం. పైన మిగిలిన కొసల మధ్య రైఫిల్ కుదురుగా కూర్చుంటుంది. మొదట దారంతో కడితే జారిపోయింది, ట్యూబు పట్టు వదలదు. ఖర్చు పన్నెండు డాలర్లు.

జనవరి చివర: రేంజ్

పేపర్ ప్లేటు టార్గెట్. వంద గజాలు, ఎప్పుడూ వెదురు కర్రల మీద నిలబడే. బల్ల మీద ఇసుక సంచి ఆసరాగా కాలిస్తే నాలాంటి కొత్తవాడికి కూడా గుళ్ళన్నీ ఒకేచోట పడతాయి, గుట్ట మీద ఆ బల్ల ఉండదు కదా. కర్రల మీద మొదట్లో నా గుళ్ళు ప్లేటు చుట్టూ ప్రదక్షిణం చేశాయి. త్రీ నాట్ ఎయిట్ తన్నుతుంది, తన్నుతుందని తెలిసిన భుజం ట్రిగ్గర్ నొక్కకముందే జంకుతుంది. ఆ జంకు పోగొట్టడానికి అద్దె పాయింట్ టూ టూ రైఫిల్‌తో చాలాసేపు కాల్చి, మధ్యమధ్యలో పెద్దది పట్టుకున్నాను. చిన్నదాని తూటాలు చాలా చవక, చెవికీ భుజానికీ సుఖం. ఇంట్లో ఖాళీ రైఫిల్‌తో, తూటాలు వేరే గదిలో పెట్టి, ట్రిగ్గర్ నొక్కడం సాధన చేశాను. ఇదైతే పూర్తిగా ఉచితం.

గైడ్ చెప్పిన కిటుకు ఒకటి: కాల్చే ముందు ఇరవై గుంజీలు తీయమన్నాడు. గుట్ట ఎక్కి, పొట్టేలు కనబడగానే గుండె ఎలా కొట్టుకుంటుందో అలాగే కొట్టుకుంటుంది. చిన్నప్పుడు బడిలో శిక్షగా తీసినవి ఇన్నాళ్ళకి పనికొచ్చాయి. రేంజ్‌లో అందరూ వింతగా చూశారు. గుంజీల తర్వాత 100 గజాల్లో ప్లేటు తగలడం అదృష్టమే అయింది, 70 గజాల్లో మాత్రం నిలకడగా తగులుతోంది. అదే నా హద్దు. బావకి 100. గైడ్‌కి మెసేజ్ పెడితే, "హద్దు తెలిసినవాడిని తీసుకెళ్ళడం నాకు తేలిక" అని జవాబిచ్చాడు.

ఈ సాధనకి మనిషికి 150 అయింది. మొత్తం బడ్జెట్‌లో నేను ఏమాత్రం తగ్గించడానికి ఒప్పుకోనిది ఇదొక్కటే. రక్తం చూస్తే డబ్బు అనే షరతు ఉన్నచోట ఒక్క చెడ్డ గుండు ఖరీదు ఇంతకు మూడు రెట్లు. డబ్బు సంగతి పక్కన పెట్టినా, ఆ జంతువు పొదల్లో పడే యాతన మన చేతకానితనం వల్ల రాకూడదు.

ఫిబ్రవరి: మాంసం ఏర్పాట్లు

మాంసం షాపులో కోయించడం మానేశాం. మా గరాజ్‌లోనే బల్ల, ప్లాస్టిక్ షీటు, రెండు కత్తులు, స్నేహితుడి దగ్గర తెచ్చిన వాక్యూమ్ సీలర్.

పంది విషయంలో జాగ్రత్త చాలా కావాలి. అడవిపందుల్లో బ్రూసెల్లోసిస్ ఉంటుంది, పచ్చి రక్తం చేతి గాయాలకి తగిలితే మనిషికి అంటుకుంటుంది. తొడుగులు లేకుండా ముట్టుకోకూడదు, కళ్ళకి అద్దాలు ఉండాలి. ఫ్రీజర్‌లో పెడితే క్రిములు చస్తాయనే నమ్మకం అడవి మాంసం విషయంలో పనికిరాదు. లోపలిదాకా 160 ఫారన్‌హీట్, అంటే 71 సెల్సియస్ రావాలి. మన కుక్కర్ కూరలకి ఇది సమస్యే కాదు, అయిదు విజిళ్ళకి ఎముక కూడా లొంగుతుంది. బార్బెక్యూ చేస్తానని మొదలుపెట్టిన బావ చేతిలో మాత్రం థర్మామీటర్ పెట్టాం.

గైడ్‌కి ముందే చెప్పాం: పెద్ద కోరల మగపంది వద్దు, 80 పౌండ్ల లోపు ఆడపంది కావాలి. కంపు ఉండదు, మెత్తగా ఉంటుంది. బతికున్న బరువులో మూడో వంతు మాంసం దక్కితే బాగా దక్కినట్టే. గోంగూరతో వండాలని అక్క, ఉత్త మిరియాల వేపుడు చాలని నేను. కూలర్‌లో అడుగున ఐసు, మధ్యలో మాంసం, పైన మళ్ళీ ఐసు, నీళ్ళు పోయే బిరడా తీసి బండి వాలుగా పెట్టాలి. మాంసం నీళ్ళలో నానితే పాడవుతుంది.

రాత్రిపూట ఒంటి వేడిని పట్టి చూపే థర్మల్ స్కోపుతో పందివేట ఉంటుందని, ఇంకో 150 ఇస్తే తీసుకెళ్తానని గైడ్ ఊరించాడు. ప్రైవేటు భూమిలో అది ఇక్కడ చట్టబద్ధమే. ఈసారికి వద్దన్నాం. సాయంత్రం బ్లైండ్‌లోనే కూర్చుంటాం. అది మా నాన్న మంచె లాంటిదే, తగరపు రేకులకి బదులు ప్లైవుడ్, పైన కార్పెట్ ముక్క. ఫీడర్ అయిదున్నరకి తిరుగుతుంది. గాలి ఫీడర్ వైపు నుంచి మనవైపు వీచాలి. పందికి చూపు అంతంతమాత్రం, ముక్కు మాత్రం మహా గట్టిది. గాలి ఎదురు తిరిగితే ఆ బ్లైండ్‌కి వెళ్ళకుండా రెండోదానికి వెళ్తామని గైడ్ చెప్పాడు. సెంటు కొట్టుకోవద్దన్నాడు. బావ ముఖం మాడిపోయింది.

దారి తేలికే. హైకో, హామిల్టన్, లాంపాసస్ మీదుగా 281 రోడ్డు, అక్కడి నుంచి లానో. దాదాపు నాలుగు గంటలు.

ఫిబ్రవరి, బయల్దేరే ముందు రాత్రి: లెక్క

ప్యాకేజీ 800. వేటకి తూటాలు 35. టిప్ 140, నగదుగా కవర్లో పెట్టాను. పెట్రోలు సగం 28. తిండి 30, పులిహోర ఇంటి నుంచే. లైసెన్స్ 25. ఐసు, తొడుగులు, సంచులు 30. సాధన 150, వెదురు కర్రలు అందులోనే కలిపేశాను. రైఫిల్ బావదే కాబట్టి అద్దె లేదు. నేను దాన్ని పట్టుకునేటప్పుడు నా లైసెన్స్ నా జేబులోనే ఉండాలి, ఫొటో కాదు, కాగితమే.

మొత్తం 1,238. ఫ్రిజ్ మీది అంకెకి 38 ఎక్కువ.

టిప్‌లో తగ్గిద్దామని బావ సూచన. ఆ మనిషి మూడు నెలలుగా నా ప్రశ్నలన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పాడు, అక్కడ కోత పెట్టనన్నాను. చివరికి ఆ 38ని బావ వాటాలో రాసేశాను. ఆ కాగితం ఆయన ఇంకా చూడలేదు.